పాలు ఎవరికి పోస్తే మేలు: సొసైటీకా, ప్రైవేటు డెయిరీకా?

పోయిన కార్తీకంలో మేం పాలు పోసే చోటు మార్చాం. ఐదేళ్ళు ప్రైవేటు డెయిరీకి పోసి మళ్ళీ సొసైటీకి, అంటే ఊరి పాల సహకార సంఘానికి వచ్చాం. అప్పట్నుంచి క్యాను పట్టుకుని ఎదురైన ప్రతివాళ్ళూ "అక్కడెంత ఇచ్చేవారు, ఇక్కడెంత ఇస్తున్నారు?" అని ఆపుతున్నారు. అమలాపురం నుంచి ఆడపడుచు ఫోను, అత్తిలి నుంచి పిన్ని కూతురి ఫోను, అదే ప్రశ్న. విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇలా రాస్తున్నాను.

మాది ఆచంట పక్క పల్లె. ఐదు గేదెలు, ఇప్పుడు పాడిలో ఉన్నవి మూడు. ఇంట్లోకీ, సెంటర్లో టీకొట్టుకీ పోను రోజుకి పద్నాలుగు లీటర్లు పాలు కొనే కేంద్రానికి వెళ్తాయి. పాలు తీసేదీ పోసేదీ నేను. రేటు కార్డు తెచ్చి గోడకి అంటించేది మా ఆయన. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, కార్డు చూసేవాళ్ళకి ప్రైవేటే బాగుంటుంది. పాలలో వెన్న ఎంతుందో చూసే మెషీను దగ్గర నిలబడేవాళ్ళకి లెక్క ఇంకోలా కనబడుతుంది.

కార్డు మీద ఉండేది కిలో ఫ్యాటు రేటు, అంటే పాలలో ఉన్న వెన్నకి కిలోకింత అని. పాలలో నూటికి ఎన్ని వంతులు వెన్న ఉంటే అన్ని పాయింట్లు. మేం మారేనాటికి ప్రైవేటు కార్డులో 820, సొసైటీ కార్డులో 780. నలభై తక్కువైన చోటికి ఎందుకెళ్ళావని మా మావయ్యగారు వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. ఏడు పాయింట్ల పాలకి ఆ నలభై అంటే లీటరుకి రెండు రూపాయల ఎనభై పైసలు. పద్నాలుగు లీటర్లకి నెల తిరిగేసరికి దగ్గర దగ్గర పన్నెండు వందలు. పల్లెటూళ్ళో పన్నెండు వందలంటే ఊరికే వదిలేసే డబ్బు కాదు.

అయితే ఆ పాలు ఏడు పాయింట్లని చెప్పేదెవరు?

దసరా ముందు ఒకరోజు పొద్దున్న మూడు గేదెల పాలూ ఒకే గిన్నెలో పోసి, గరిటెతో బాగా కలియబెట్టి, రెండు క్యాన్లలోకి ఒంపాను. ఒకటి నేను ప్రైవేటు కేంద్రానికి తీసుకెళ్ళాను. రెండోది మా తోటికోడలు తన పేరు మీద సొసైటీలో పోసింది. మధ్యలో ఇరవై నిమిషాల తేడా కూడా లేదు. నా చీటీ మీద 6.2 పడింది, ఆవిడ చీటీ మీద 6.8. నమ్మలేక మర్నాడు మళ్ళీ చేశాం: 6.3, 6.8. మూడో రోజు 6.2, 6.9. మూడు రోజుల చీటీలూ ఇప్పటికీ బియ్యం డబ్బా మూతకి పిన్నుతో గుచ్చి ఉన్నాయి.

ఇప్పుడు లెక్క వేయండి. 820 రేటు మీద 6.2 పాయింట్లకి లీటరుకి 50 రూపాయల 84 పైసలు. 780 రేటు మీద 6.8 పాయింట్లకి 53 రూపాయల 4 పైసలు. రేటు తక్కువున్న చోటే లీటరుకి రెండు రూపాయల ఇరవై పైసలు ఎక్కువ వచ్చింది. పద్నాలుగు లీటర్లకి రోజుకి ముప్పై రూపాయలు దాటుతుంది. మావయ్యగారికి కాగితం మీద వేసి చూపిస్తే కళ్ళజోడు తెప్పించుకుని రెండుసార్లు కూడారు. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి మాట్లాడారు.

మరి రెండిట్లో ఏది నిజం? సొసైటీ మెషీనే ఎక్కువ చూపిస్తోందేమో కదా! ఆ అనుమానం నాకూ వచ్చింది. తిరుపతి డెయిరీ కాలేజీలో చదివిన చుట్టాలబ్బాయి ఒకడు పండక్కి వచ్చాడు. సొసైటీ గదిలో అటక మీద, మెషీను లేకుండా పాలలో వెన్న కొలిచే పాత గెర్బరు సామాను ఉంటే దింపించాడు. సన్న మెడ గాజు గొట్టంలో పది మిల్లీలీటర్ల యాసిడ్డు, దాని మీద పదిముప్పావు మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి, బిరడా పెట్టి ఊపాడు. గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కింది. తర్వాత గుండ్రటి డబ్బాలో పెట్టి గిరగిరా తిప్పాడు. కొవ్వంతా పసుపు రంగులో పైకి తేలి మెడలో నిలబడింది. 6.8. మా సెక్రటరీ మొహం చూడాలి, పరీక్ష పాసైన పిల్లాడిలా ఉంది.

ప్రైవేటు వాళ్ళు మోసం చేశారని నేను అనడం లేదు. ఆ మెషీను రోజూ కడగకపోయినా, పాలు కలపకుండా శాంపిల్ తీసినా, నురగ ఉండగానే గొట్టం ముంచినా, ఆవుపాల సెట్టింగులో గేదెపాలు పెట్టినా అంకె మారిపోతుందని ఆ అబ్బాయే చెప్పాడు. వెన్న పైకి తేలుతుంది కాబట్టి, నిలవ ఉన్న క్యానులో అడుగు నుంచి తీస్తే పాయింటు పడిపోతుంది. ప్రైవేటు కేంద్రంలో కూర్చునే కుర్రాడిని అడిగితే "అక్కా, మెషీను ఏది చూపిస్తే అది రాస్తాను, నాదేముంది" అన్నాడు. నిజమే, వాడిదేం లేదు. మెషీను సరిచేసే మనిషి ఎక్కడో టౌన్లో ఉంటాడు, ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. సొసైటీలో అయితే "బాబాయ్, ఇంకోసారి కలిపి తియ్యి" అంటే బాబాయ్ విసుక్కుంటూనే తీస్తాడు. తియ్యకపోతే సాయంత్రం మా అరుగు మీదుగానే ఇంటికెళ్ళాలి.

నా మట్టుకు నాకు తేల్చేసింది ఇదే. రేటు కన్నా, పాయింటు తప్పు పడితే మళ్ళీ చూడమని అడిగే వీలు ఎక్కడుందో అది ముఖ్యం. సున్నా పాయింట్ ఒకటి అటూ ఇటూ అయితే లీటరుకి ఎనభై పైసలు. ఏ డెయిరీ కూడా కార్డు మీద రేటుని రాత్రికి రాత్రి చప్పుడు లేకుండా తగ్గించలేదు, ఊరంతా గోల చేస్తుంది. పాయింటు మాత్రం చప్పుడు చేయకుండా తగ్గుతుంది.

ఇంకో చిన్న కిటుకు ఉంది, చాలామంది గమనించరు. లీటరు గేదెపాలు బరువు తూస్తే కిలో కాదు, కిలోకి ముప్పై గ్రాములు పైనే. ఫ్యాటు శాతం లెక్కేసేది బరువు మీద. అంటే ఏడు పాయింట్ల లీటరు పాలలో ఉండే వెన్న 70 గ్రాములు కాదు, 72. కొలత లీటర్లలో తీసుకుని, నేరుగా ఏడుని కిలో ఫ్యాటు రేటుతో హెచ్చవేసి డబ్బులిస్తే ఆ రెండు గ్రాములు మనవి కావు. 800 రేటు మీద రూపాయిన్నర పైనే. కాబట్టి మీ కేంద్రంలో పాలు తూస్తున్నారా, కొలుస్తున్నారా, బిల్లు ఏ లెక్కన వేస్తున్నారో ఒక్కసారి అడిగి చూడండి. మా సొసైటీలో కాటా ఉంది, కిలోల్లోనే రాస్తారు. ఇది కూడా నేను ఈమధ్యే గమనించాను, ఐదేళ్ళు గమనించనందుకు సిగ్గుగానే ఉంది.

మన తప్పులు కూడా చెప్పుకోవాలి కదా. గేదె చేపగానే మొదట వచ్చే పాలు పలచన, చివరి పిండుడు చిక్కన. తొందరలో చివరివి దూడకి వదిలేసి, మొదటివి క్యానులో పోసి, పాయింటు రాలేదంటే ఎలా వస్తుంది? పొద్దుటి పాలకన్నా సాయంత్రం పాలకి పాయింటు ఎక్కువ రావడం కూడా మామూలే, మధ్యలో గంటలు తక్కువ కాబట్టి. రెండు పూటల చీటీలూ పక్కపక్కన పెట్టి చూడకుండా కేంద్రం మీద పడిపోకండి.

ఇక పాలు పొంగే కాలం సంగతి. మన గేదెలు ఎక్కువగా వానాకాలం చివర, శీతాకాలం మొదట్లో ఈనుతాయి. కార్తీకం నుంచి మాఘం దాకా ఊరంతా పాలే. చైత్రం దాటితే టీకొట్టువాడు కూడా బతిమాలతాడు. ప్రైవేటు వాళ్ళు వేసవిలో ఇంటి ముందుకే బండి పంపి రేటు పెంచుతారు, సంక్రాంతి ముందు తగ్గిస్తారు. వ్యాపారం అన్నాక అంతే, తప్పుపట్టను. కానీ మా పాలలో సగం పైన వచ్చేది తగ్గించిన ఆ నెలల్లోనే కదా! వేసవి రేటు చూసి మురిసిపోయి వెళ్ళినవాళ్ళు ఏడాది మొత్తం బిల్లులు కూడితే తెల్లమొహం వేస్తారు. సొసైటీ రేటు ఏడాది పొడుగునా అంతగా ఊగదు, పైన బోనస్ ఉంటుంది.

సొసైటీని దేవుడి గుడి అనుకోకండి మళ్ళీ. ఒకప్పుడు పాలు ఎక్కువై సాయంత్రం పూట తీసుకోకుండా పాల సెలవులు ప్రకటించిన రోజులు మా అత్తగారికి గుర్తే. బిందెలతో పాలు ఇంట్లో మిగిలిపోయి, వీధంతా పంచిపెట్టిందట. ప్రెసిడెంటు ఎన్నికొస్తే పాల కేంద్రం పార్టీ ఆఫీసు అవుతుంది. మాకు మొన్న పక్షం బిల్లు తొమ్మిది రోజులు ఆలస్యం అయింది. ప్రైవేటులో ఐదేళ్ళలో ఒక్కసారి కూడా పదో రోజు తప్పలేదు, ఫోనులో మెసేజ్ ఠంచనుగా వచ్చేది. నెలవారీ స్కూలు ఫీజు, చిట్టీ ఉన్నవాళ్ళకి అది చిన్న విషయం కాదు. ఆ టెన్షన్ భరించలేనివాళ్ళు ప్రైవేటులో ఉంటే నేను ఆశ్చర్యపోను.

ప్రైవేటు వాళ్ళు వచ్చిందీ ఊరికే కాదు. 1991లో పాల రంగానికి లైసెన్సు ఎత్తేశాకే ఊళ్ళోకి రెండో కొనుగోలుదారు వచ్చాడు. అంతకుముందు సొసైటీ ఎంతంటే అంత. ఇప్పుడు సొసైటీ రేటు ఈమాత్రం ఉందంటే పక్క వీధిలో ప్రైవేటు కేంద్రం ఉండబట్టే. 1995లో పరస్పర సహాయక సంఘాల చట్టం వచ్చాక కొన్ని పాల యూనియన్లు ప్రభుత్వం చేయి దాటి సొంతంగా నడుస్తున్నాయి. 2020 డిసెంబరులో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం అమూల్‌ని తెచ్చి పాల వెల్లువ పథకం మొదలెట్టింది. మా పశ్చిమ గోదావరికి ఆ మరుసటి ఏడాది వచ్చింది. అప్పుడు ప్రైవేటు కార్డులో రేటు ఎంత చకచకా పెరిగిందో పాలు పోసినవాళ్ళందరికీ తెలుసు. ఊళ్ళో ఇద్దరు కొనేవాళ్ళు ఉండాలన్నది అందుకే. మీరు ఒకరికి పోస్తున్నా, రెండోవాడు మూతపడకుండా చూసుకోండి.

ఎక్కువమంది అడిగే రెండో ప్రశ్న సంక్షేమం గురించి. "ప్రైవేటులో డాక్టరొస్తాడు, దాణా అప్పిస్తారు, బీమా కడతారు, గేదె కొనుక్కోవడానికి అడ్వాన్సిస్తారు. మీ సొసైటీ ఏమిస్తుంది?" అని.

ఒక్కొక్కటే చూద్దాం. డాక్టరు కావాలంటే 1962కి ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది, ఎవరికి పాలు పోసేదీ అడగరు. బీమా ఎవరు కట్టినా చెవి ట్యాగు ఊడిపోకుండా చూసుకోవడం మన పనే, ట్యాగు లేకపోతే క్లెయిమ్ లేదంటారు. దాణా అప్పు మంచిదే, కానీ బయట బస్తా రేటుతో ఒకసారి పోల్చి చూడండి. నాకు ఇచ్చిన రబ్బరు చాప సంగతి చెప్తాను. గేదె కాళ్ళకి మంచిదని, పథకం అని, బొమ్మ వేసి మరీ తెచ్చి పరిచారు. ఫొటో తీశారు. మూడు బిల్లుల్లో దాని ఖరీదు కోసుకున్నారు.

అడ్వాన్సు మాత్రం జాగ్రత్త. ముర్రా గేదె ధర లక్ష దాటింది కాబట్టి అడ్వాన్సు లేకుండా కొనలేం అంటారు. అడ్వాన్సు తీసుకున్నాక పాయింటు 6.2 పడ్డా, 5.8 పడ్డా నోరు మూసుకుని పోయాల్సిందే. 2018-19 నుంచి పాడి రైతులకీ కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 2025 జనవరి నుంచి రెండు లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. బ్యాంకు చుట్టూ తిరగడానికి చెప్పులు అరుగుతాయి, కాదనను. కానీ బ్యాంకు మేనేజరు మన పాలకి పాయింట్లు వెయ్యడు కదా.

ఈ సంక్షేమం గొడవ మనదే కాదు. ఇంగ్లండులో 1994 దాకా పాలన్నీ మిల్క్ మార్కెటింగ్ బోర్డు కొనేది. అది ఎత్తేశాక సూపర్ మార్కెట్లు నేరుగా రైతుల్ని ఎంచుకోవడం మొదలెట్టాయి. టెస్కో అనే సూపర్ మార్కెట్టు 2007లో తన రైతుల గుంపు పెట్టింది. పశువుని ఇలా చూడాలి, ఇలా పెంచాలి అని షరతులు పెట్టి, బదులుగా పెంపకం ఖర్చుని బట్టి రేటు కడుతుంది. ఇంకో పక్క అర్లా లాంటి రైతుల సొంత సహకార సంఘం ఉంది, సభ్యుల పాలు తీసుకుని అమ్ముతుంది. గుంపులో ఉన్న రైతుకి నిలకడైన రేటు, గుంపు బయట ఉన్నవాడికి మార్కెట్టు ఎంతంటే అంత. షరతు మంచిదే, దానికి డబ్బు కూడా ఇస్తున్నారు. మన దగ్గర షరతుకి డబ్బు ఇవ్వరు, రబ్బరు చాప ఇచ్చి డబ్బు తీసుకుంటారు. నా ఆశ ఏమిటంటే, సొసైటీయే ఆ పని మొదలెట్టాలి: గేదెని బాగా చూసుకున్నవాళ్ళకి లీటరుకి రూపాయి అదనం, చీటీ మీద వేరే గడిలో.

బాగా చూసుకోవడం అంటే మన డెల్టాలో ముందు నీళ్ళు. గేదెకి చెమట పెద్దగా పట్టదు, నల్ల తోలు, ఎండకి తాళలేదు. మా చిన్నప్పుడు సాయంత్రానికి కాలవలో దిగితే ముక్కులు తప్ప ఏమీ కనిపించేవి కావు. వేసవిలో కాలవలు కట్టేస్తే బోరు కింద నిలబెట్టి తడపాలి. చుట్టూ చేపల చెరువులు వచ్చాక కొన్నిచోట్ల ఆ నీళ్ళూ చప్పదనం పోయి ఉప్పన అయ్యాయి. గడ్డి సంగతి సరేసరి. కోత మిషను వచ్చాక గడ్డి ముక్కలై చేలోనే పడుతోంది, మళ్ళీ మిషనుతో కట్టలు కట్టించి ట్రాక్టరు కిరాయి ఇచ్చుకోవాలి. వరి కొయ్యకముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లుకునేవాళ్ళకి మాత్రం రెండు నెలలు పచ్చిమేత ఉంటుంది, ఆ రెండు నెలలూ పాల కొలతలో తెలుస్తుంది. ఇంకొకటి, దూడ చచ్చిన గేదెకి పాలు చేపడానికి ఇంజక్షన్లు పొడిచే అలవాటు. పశువు ఒంటికి చేటు చేసే అలాంటి ఇంజక్షను 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఏ కేంద్రమూ దీని గురించి అడగదు, పాలు వస్తే చాలు.

మిగతా దారులు నాలుగు ముక్కల్లో. టీకొట్టుకీ వాడుక ఇళ్ళకీ పోస్తే రేటు ఎక్కువ, పాయింటు గొడవ లేదు. కానీ పండక్కి ఊరెళ్తే వద్దంటారు, బాకీ పుస్తకం పెరుగుతుంది. రెండు మూడు లీటర్లకి మించి పెట్టుకోకండి. నెయ్యి తీసి అమ్ముదామా అని కొందరు అడిగారు, ఆత్రేయపురం పూతరేకులకి గిరాకీ ఉంది కదా అని. ఏడు పాయింట్ల పాలు పదిహేను లీటర్లు పోస్తే గానీ కిలో నెయ్యి రాదు. కవ్వం, కట్టెలు, మనిషి చాకిరీ కలిపితే నాకు గిట్టలేదు, మజ్జిగ మాత్రం ఊరంతా తాగింది. సీసాల్లో ఆర్గానిక్ పాలు పట్నానికి పంపే సంగతి నాకు దూరం, చేసినవాళ్ళు ఎవరైనా చెప్పాలి.

మా తోటికోడలు సొసైటీలో పోసింది ఆ మూడు రోజులే. ఆవిడ ఇంకా ప్రైవేటుకే పోస్తోంది. చీటీలు గుచ్చింది ఆవిడే, లెక్క వేసింది ఆవిడే. పోయినేడు కొన్న గేదె మీద అడ్వాన్సు ఇంకా నలభై వేలు ఉంది. "తీరాక వస్తాలే అక్కా" అంటుంది. బిల్లు వచ్చిన రోజున మాత్రం చీటీ తెచ్చి నా చీటీ పక్కన పెట్టి చూసుకుని వెళ్తుంది. మొన్నటి దాంట్లో ఆవిడకి 6.3, నాకు 6.9.